ఆకాశపుటంచున ఒక పరీక్షాయానము

తెనాలి నుండి బాపట్లకు రైలు మార్గము 40 కిలోమీటరులకు కొంచెము పైన ఉండును. ఉదయము తెనాలిలో బండి యెక్కి, బాపట్లలో పని చక్కబెట్టుకొని, సాయంకాలమునకు ఇల్లు చేరువాడు ఆ దినమున సుమారు 86 కిలోమీటరులు ప్రయాణము చేసినవాడగును. రానుపోను ఆ మార్గమునంతను ఒక్క గీతగా చేసి తెనాలి నడిబొడ్డున నిట్టనిలువుగా నిలబెట్టినచో, దాని పైకొస ఎంత ఎత్తున నుండునో, 2021 జూలై 11వ తేదీన ఒక చిన్న రెక్కల నౌక అంత ఎత్తునకు పోయి వచ్చినది. అందులో ప్రయాణము చేసినవారు ఆరుగురు. ఆ ఆరుగురిలో ఒకరు తెనాలితో కుటుంబ సంబంధము గల తెలుగు వనిత బండ్ల శిరీష.

ఆమె పేరు ఆనాడు పత్రికలన్నిటను వచ్చినది. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడును అప్పటికి గుంటూరు జిల్లాలోనివే. 2022 ఏప్రిల్ 4వ తేదీన బాపట్ల జిల్లా వేరుపడి, రేపల్లె ఆ జిల్లాలో చేరినది. కాబట్టి ఈ మూడు ఊళ్ళవారును ఆమెను తమ జిల్లా ఆడపడుచుగా చెప్పుకొనిరి. అది సహజమే. అయితే ఆ యానము ఎట్లు జరిగినది, దానిని పరీక్షాయానమని ఏల అనిరి, అందు శిరీష చేసిన పని యేమి, అను విషయములు ఆ సంబరములో కొంత మరుగుపడినవి. వానినే ఇచ్చట మేము వివరింపదలచినాము.

కొత్త వాహనము ఏదైనను మొదట పరీక్షింపబడవలసినదే. రేవులో కట్టిన కొత్త పడవను సరుకు వేయక ముందు ఒకమారు నీటిలోనికి త్రోసి చూతురు. ఊట కనిపించినచో ఒడ్డుకు లాగి బాగుచేయుదురు. అంతరిక్షనౌక విషయమున చిక్కేమనగా, ఊట కనిపించిన పిమ్మట ఒడ్డుకు లాగుటకు వ్యవధి ఉండదు. అందువలననే తొలి రోజులలో మనుష్యులకు ముందు జంతువులను, బొమ్మలను పంపిరి. 1961 ఏప్రిల్ 12వ తేదీన యూరీ గగారిన్ 108 నిమిషములలో భూమిని చుట్టివచ్చుటకు ముందు, అదే సంవత్సరము మార్చి నెలలో రెండు కుక్కలు, వేరువేరు యానములలో, ఒక కొయ్యబారిన మనిషిబొమ్మను తోడుగా చేసికొని అట్టి నౌకలోనే వెళ్ళి క్షేమముగా తిరిగి వచ్చినవి. అమెరికావారు 1961 జనవరిలో హామ్ అను చింపాంజీని పంపి, ఆ తరువాత మే 5వ తేదీన అలన్ షెపర్డును పంపిరి. షెపర్డు భూమిని చుట్టలేదు. 187 కిలోమీటరుల ఎత్తునకు పోయి, పదునైదు నిమిషములలో సముద్రమున దిగెను. రాతిని పైకి విసరినచో అది వంపు తిరిగి క్రింద పడునట్టి యానమది. శిరీష చేసినదియు ఆ కోవకు చెందినదే.

అట్లు పైకి పోయి వచ్చుటకు రెండు దారులు కలవు. మొదటిది నేలమీద నిలువుగా నిలిపిన రాకెట్టు నెక్కి పోవుట. రెండవది ఒక పెద్ద విమానపు కడుపు క్రింద నౌకను తగిలించుకొని కొంత ఎత్తు వరకు మోసికొనిపోయి, అచ్చట విడిచిపెట్టి, అప్పుడు రాకెట్టును వెలిగించుట. ఈ రెండవ దారి కొత్తది కాదు. 1959 మొదలు 1968 వరకు అమెరికాలో ఎక్స్-15 అను రాకెట్టు విమానము 199 మారులు ఇట్లే ఎగిరినది. 1963లో జో వాకర్ అను చోదకుడు దానితో రెండుమార్లు 100 కిలోమీటరుల హద్దును దాటెను. తరువాత నలుబది యేండ్లకు, 2004లో, బర్ట్ రుటాన్ అను విమాన నిర్మాత రూపొందించిన స్పేస్‌షిప్‌వన్ అను చిన్న నౌక ప్రభుత్వ ధనము లేకుండ అదే పని చేసి కోటి డాలరుల బహుమానమును గెలిచెను. ఆ నౌకకు పెద్ద చెల్లెలు వంటిదే శిరీష ఎక్కిన యూనిటీ. దానిని నడపిన సంస్థ వర్జిన్ గెలాక్టిక్.

ఈ దారికి ఎంత సౌకర్యమున్నదో చూడుడు. యూనిటీని మోసికొనిపోయిన విమానము పేరు ఈవ్. అది నౌకను సుమారు 14 కిలోమీటరుల ఎత్తున విడిచినది. ఆ ఎత్తునకు చేరునప్పటికి వాయుమండలములోని గాలిలో ఏడింట ఆరు వంతులు క్రిందనే మిగిలిపోవును. చిక్కని గాలిని చీల్చుకొని పోవు శ్రమను సామాన్యమైన విమానయంత్రములే భరించును. పలుచని గాలిలో మిగిలిన దారికి మాత్రమే రాకెట్టు కావలెను. కనుక రాకెట్టు చిన్నదైనను చాలును.

ఆ రాకెట్టులోని ఇంధనము గట్టిగా నుండు ఒక జాతి రబ్బరు. దానిని మండించుటకు వలసిన ప్రాణవాయువును ఇచ్చునది నైట్రస్ ఆక్సైడు, అనగా దంతవైద్యులు నొప్పి తెలియకుండ వాడు వాయువే. దానిని ద్రవముగా వేరొక తొట్టిలో నింపియుంతురు. రెండును కలిసిననే మంట. చోదకుడు కవాటము మూసినచో మంట ఆరిపోవును. గట్టి ఇంధనము మాత్రమే గల రాకెట్టును, దీపావళి తారాజువ్వ వలెనే, ఒకమారు వెలిగించిన పిమ్మట ఆర్పుట కష్టము. మనుష్యులెక్కు నౌకకు ఈ భేదము ప్రాణాధారము.

ఇక ఆనాటి యానమును క్రమముగా చెప్పెదము. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రమున ఎడారి నడుమ నున్న స్పేస్‌పోర్ట్ అమెరికా అను చోటి నుండి ఈవ్ విమానము బయలుదేరినది. రాత్రి వాతావరణము అనుకూలింపనందున గంటన్నర ఆలస్యమైనది. అచ్చట ఉదయము 8 గంటల 40 నిమిషములు. మనకు ఆదివారము రాత్రి 8 గంటల 10 నిమిషములు. ముప్పావుగంట సేపు చుట్లు తిరుగుచు పైకి పోయి, మన గడియారము ప్రకారము 9 గంటలకు అయిదు నిమిషములు తక్కువగా నున్నప్పుడు నౌకను విడిచినది. డేవిడ్ మెకే, మైకేల్ మసూచి అను చోదకులు రాకెట్టును వెలిగించిరి. అది సుమారు ఒక నిమిషము మండినది. ఆ నిమిషములో నౌక ముక్కు పైకెత్తి, ధ్వనికి మూడింతల వేగమును అందుకొన్నది. అంతటి వేగముతో తెనాలి నుండి రేపల్లెకు పోవు 34 కిలోమీటరుల దారిని నలుబది సెకండ్ల లోపుననే దాటవచ్చును. అప్పుడు లోపలి వారికి తమ దేహము మూడు రెట్లకు పైగా బరువెక్కినట్లు తోచును.

పిమ్మట రాకెట్టు ఆరినది. ఇచ్చట చదువరులకు ఒక సందేహము కలుగవచ్చును. రాకెట్టు ఆరిన తరువాత నౌక ఇంకను పైకి ఎట్లు పోయినది? బంతిని విసరిన చేయి ఆగిపోయినను బంతి కొంతసేపు పైకి పోవుచునే యుండును గదా! రాకెట్టు ఆరునప్పటికి నౌక సుమారు 45 కిలోమీటరుల ఎత్తున, సెకండునకు 900 మీటరుల వేగముతో పైకి పోవుచుండెననుకొందము. ఆ వేగము భూమ్యాకర్షణ చేత తగ్గుచు తగ్గుచు సున్న అగునప్పటికి ఇంకొక 41 కిలోమీటరుల ఎత్తు లభించును. 45, 41 కలిపినచో 86. అదియే ఆ నౌక చేరిన శిఖరము.

భారము లేని స్థితి అనగా భూమ్యాకర్షణ లేని స్థితియని పలువురు తలచుచుందురు. అది సరికాదు. 86 కిలోమీటరుల ఎత్తున కూడ భూమ్యాకర్షణ ఇచ్చట నున్నదానిలో నూటికి 97 పాళ్ళు ఉండును. మనకు బరువు తెలియుట నేల మనలను క్రింద నుండి అడ్డుకొనుట వలన. బావిలోనికి త్రాడు తెగి పడుచున్న చేదలోని నీటికి ఆ క్షణమున చేద అడుగు ఆనదు. నీరును చేదయు ఒకే వేగముతో పడుచుండును. రాకెట్టు ఆరినది మొదలు, తిరిగి గాలి తగులు వరకు, నౌకయు అందులోని మనుష్యులును ఒక్కటిగా ఆ చేద వలెనే స్వేచ్ఛగా ఉందురు. పైకి పోవునప్పుడును స్వేచ్ఛయే, క్రిందికి వచ్చునప్పుడును స్వేచ్ఛయే. మా లెక్క ప్రకారము ఎక్కుటకు నిమిషమున్నర, దిగుటకు నిమిషమున్నర, మొత్తము మూడు నిమిషములు. ఆ మూడు నిమిషములే ఆ యానపు సారము.

అంత ఎత్తున దిఙ్మండలము సుమారు వేయి కిలోమీటరుల దూరమునకు పరచుకొనును. తెనాలికి సరిగా పైన అంత ఎత్తున నిలిచి మేఘములు లేని దినమున చూచినచో, ఒక ప్రక్క బంగాళాఖాతము, ఇంకొక ప్రక్క పశ్చిమ కనుమలకు ఆవల అరేబియా సముద్రము, దక్షిణముగా చూపు చివర కన్యాకుమారి, ఒక్క చూపులో ఇమిడియుండును. పట్టపగలే ఆకాశము నల్లగా నుండును. గాలి లేనందున వెలుగును వెదజల్లునది అచ్చట లేదు.

ఆ మూడు నిమిషములలో అందరును కిటికీల కడనే ఉండలేదు. ఇది పరీక్షాయానము, ఒక్కొక్కరికి ఒక్కొక్క పని ఏర్పాటు చేసిరి. బెత్ మోసెస్ పరీక్షల నన్నిటిని పర్యవేక్షించిరి. కోలిన్ బెన్నెట్ గదిలోని పరికరములను, పద్ధతులను పరిశీలించిరి. సంస్థ స్థాపకుడు రిచర్డ్ బ్రాన్సన్, రేపు సొమ్ము చెల్లించి వచ్చు ప్రయాణికునకు ఎట్లుండునో తాను అనుభవించి చూచుటకు వచ్చిరి. పరిశోధకుడు ఒకడు ఈ నౌకలో తన చేతులతో ప్రయోగము చేయగలడా, లేదా? అది తేల్చుట శిరీష పని.

ఆమెకు అప్పగించిన ప్రయోగము ఫ్లారిడా విశ్వవిద్యాలయమునకు చెందిన రాబర్ట్ ఫెర్ల్, అన్నాలీసా పాల్ అను వృక్షశాస్త్రజ్ఞులది. వారు కొన్ని గొట్టములలో ఆవజాతికి చెందిన అరబిడాప్సిస్ అను చిన్న మొక్కలను ఉంచిరి. అదే గొట్టములో వేరొక అరయందు ఒక రసాయన ద్రవము ఉండును. గొట్టమును పనిచేయించినప్పుడు ఆ ద్రవము మొక్కను తడిపి, ఆ క్షణమున దాని జీవకణములలో ఏ జన్యువులు మేలుకొనియున్నవో, ఏవి నిద్రించుచున్నవో ఆ స్థితిని అట్లే నిలిపివేయును. శిరీష ఒక గొట్టమును రాకెట్టు వెలుగుటకు ముందు, ఒకదానిని భారరహిత స్థితి ప్రవేశించు వేళ, ఇంకొకదానిని ఆ స్థితి ముగియు వేళ పనిచేయించవలసియుండెను. అప్పటివరకు శాస్త్రజ్ఞులు ఎక్కువగా కక్ష్యలో పెరిగిన మొక్కలను చూచియుండిరి. బరువు పోయిన మొదటి నిమిషములలో మొక్క ఏమి చేయునో తెలిసికొనుటకు ఇట్టి యానమే తగినది.

మొక్కకు చెవులు, కన్నులు లేకున్నను పైక్రిందులు తెలియును. విత్తనము తలక్రిందులుగా పడినను వేరు క్రిందికే దిగును, మొలక పైకే లేచును. బరువు లేని చోట ఆ తెలివి ఏమగును? ఈ ప్రశ్న బాపట్ల పరిసరములలోని వారికి విదేశీయమైనది కాదు. 1945లో నెలకొన్న వ్యవసాయ కళాశాల ఆ ఊరిలోనే కలదు. 1986లో విడుదలయై నేటికిని తెలుగువారి విస్తళ్ళలో నిలిచిన సాంబమసూరి వరి వంగడము, బి.పి.టి. 5204, అచ్చటి పరిశోధన ఫలితమే. ఆ పేరులోని మూడక్షరములు బాపట్లను సూచించునవే. శిరీష తాతగారును వ్యవసాయ శాస్త్రజ్ఞులే. మొక్క దేనికి ఉలికిపడును, ఆ ఉలికిపాటును ఏ జన్యువు మోయును, అను ప్రశ్న వరి పొలములోను, వ్యోమనౌకలోను ఒక్కటే.

శిరీష చిన్నతనముననే తల్లిదండ్రుల వెంట అమెరికాకు వెళ్ళి హ్యూస్టనులో పెరిగిరి. వ్యోమగామిని కావలెనని ఆమె చిన్ననాటి కోరిక. చూపు చాలనందున ప్రభుత్వ సంస్థయైన నాసా ద్వారా ఆ దారి మూతపడినది. పర్డ్యూ విశ్వవిద్యాలయములో విమాన, అంతరిక్ష సాంకేతిక శాస్త్రమును అభ్యసించి, తరువాత వ్యాపార నిర్వహణ విద్యయు చదివి, 2015లో ఆ సంస్థలో చేరిరి. భారత భూమిపై జన్మించి అంతరిక్షమునకు వెళ్ళిన స్త్రీలలో కల్పనా చావ్లా తరువాత ఆమె రెండవవారు.

తిరిగివచ్చుట ఎక్కుటకంటె సులభము కాదు. శిఖరము నుండి పడు నౌక గాలిలో తలక్రిందులైనచో ముక్కలగును. దానికి రుటాన్ కనిపెట్టిన ఉపాయము షటిల్ ఆటలోని ఈకల కాకును పోలినది. కాకును ఎట్లు విసరినను బుడిపె ముందు, ఈకలు వెనుకగా సర్దుకొని మెల్లగా దిగును. యూనిటీ తోకను రెక్కల కడ నుండి పైకి మడచినచో నౌకయు అట్లే తనంతట తాను సర్దుకొనును. దట్టమైన గాలిలోనికి వచ్చిన పిదప తోకను యథాస్థానమునకు దింపి, ఇంజను లేకయే గ్రద్ద వలె తేలుచు నేలకు దిగును. ఆనాడు మన గడియారములలో రాత్రి సుమారు 9 గంటల 10 నిమిషములకు నౌక క్షేమముగా నేల తాకినది.

ఈ ఉపాయమే ఒకప్పుడు ప్రాణము తీసినది. 2014 అక్టోబరు 31వ తేదీన, యూనిటీకి ముందు కట్టిన ఎంటర్‌ప్రైజ్ అను నౌక పరీక్షాయానములో, తోకకు వేసిన తాళమును సహచోదకుడు కొన్ని సెకండ్లు ముందుగా తీసెను. గాలి ఒత్తిడికి తోక తానే పైకి లేచి, నౌక కాలిఫోర్నియా ఎడారిపై ఛిన్నాభిన్నమయ్యెను. మైకేల్ ఆల్స్‌బరీ మరణించిరి. రెండవ చోదకుడు పారాచూటుతో బ్రతికిరి. విచారణ సంఘము తప్పును మరణించినవానిపై నెట్టి చేతులు కడుగుకొనలేదు. ఒక్క మనుష్యుని ఒక్క పొరపాటు నౌకను నాశనము చేయునట్లు దానిని రూపొందించుటయే లోపమని నిర్మాతలకు చెప్పినది. ఆపైన వేళ కాకుండ తాళము తెరవరాని ఏర్పాటు చేసిరి. శిరీష కూర్చున్న ఆసనము క్రింద ఆ పాఠము ఉన్నది.

2021 నాటి యానమును పూర్తిగా నిర్దోషమని చెప్పరాదు. పైగాలుల వలన నౌక దారి కొంత తప్పి, తనకు కేటాయించిన ఆకాశభాగము నుండి 1 నిమిషము 41 సెకండ్లు వెలుపల ఉన్నది. ఈ సంగతి సెప్టెంబరులో వెల్లడి కాగా, అమెరికా విమానయాన శాఖ విచారణ ముగియువరకు ఆ నౌకను ఎగురనీయలేదు. ఇకమీదట ఎక్కువ ఆకాశభాగమును కేటాయించుటకు, యానము జరుగుచుండగనే సమాచారమును అందించుటకు ఒప్పుకొనిన మీదట సెప్టెంబరు 29వ తేదీన విచారణ ముగిసినది. పరీక్షాయానమనగా ఇదియే. చప్పట్లు ఒక దినము, లెక్కలు అనేక దినములు.

అది నిజముగా అంతరిక్షమేనా అను తగవును ఉన్నది. అమెరికా విమానయాన శాఖవారు 50 మైళ్ళు, అనగా 80 కిలోమీటరులు, దాటినచో అంతరిక్షమని లెక్కింతురు. అంతర్జాతీయ వైమానిక సమాఖ్య 100 కిలోమీటరులను హద్దుగా పెట్టుకొన్నది. గాలి క్రమముగా పలుచబడునే గాని, గోడ కట్టినట్లు ఒక చోట ఆగిపోదు. కావున ఏ హద్దైనను మనుష్యులు గీసికొన్నదే. కాని ఒక్క భేదమును మరువరాదు. భూమిని చుట్టుచు ఉండుటకు సెకండునకు సుమారు 7.8 కిలోమీటరుల వేగము కావలెను. అది యూనిటీ వేగమునకు ఎనిమిది, తొమ్మిది రెట్లు. అందుకు వలయు శక్తి డెబ్బది రెట్లకు పైన. తెలుగు మూలములు గల రాజాచారి అదే సంవత్సరము నవంబరులో అట్టి వేగముతో కక్ష్యకు వెళ్ళి, సుమారు ఆరు నెలలు అంతరిక్ష కేంద్రమున పనిచేసిరి. ఈ రెండు యానములను ఒకే తక్కెడలో తూచుట ఇద్దరికిని న్యాయము కాదు.

ఇది ధనవంతుల విహారమని విమర్శించినవారును కలరు. ఆ విమర్శ నిరాధారము కాదు. 2021 ఆగస్టులో ఒక్క ఆసనము వెలను నాలుగున్నర లక్షల డాలరులుగా ప్రకటించిరి. యూనిటీ 2023 జూన్ 29వ తేదీన తొలి వ్యాపారయానము చేసి, 2024 జూన్‌లో విరమించినది. అయితే ఆ దారిలో మొలిచిన శాస్త్రము నిలిచినది. నాడు నేలమీద నుండి శిరీష చేతులను నమ్మిన రాబర్ట్ ఫెర్ల్, 2024 ఆగస్టు 29వ తేదీన వేరొక సంస్థ నౌకలో తామే పైకి వెళ్ళి, అట్టి గొట్టములనే తమ చేతులతో పనిచేయించిరి. అదే సంవత్సరము మే 19వ తేదీన విజయవాడలో జన్మించిన చోదకుడు తోటకూర గోపీచంద్ ఆ సంస్థ నౌకలోనే 100 కిలోమీటరుల హద్దును దాటివచ్చిరి.

మన దేశమును తన నౌకలో తన మనుష్యులను పంపుటకు పూనుకొన్నది. ఆ ప్రయత్నమున 2023 అక్టోబరు 21వ తేదీన బాపట్లకు దక్షిణమున, మన తీరముననే ఉన్న శ్రీహరికోట నుండి మనుష్యులు లేని పేటికను పంపి, ప్రమాదవేళ అది రాకెట్టు నుండి తప్పించుకొనగలదా యని పరీక్షించిరి. అది తప్పించుకొని, పారాచూటులతో సముద్రమున దిగినది. ఆనాడు ఉదయము తొలి ప్రయత్నమున ప్రయోగము ప్రారంభము కాకయే ఆగిపోగా, లోపమును సవరించి రెండు గంటలలోపుననే తిరిగి ప్రయోగించిరి. అట్లు ఆగినప్పుడు నిరుత్సాహపడినవారు చాలమంది. కాని ఆగవలసినప్పుడు ఆగు యంత్రమునే మనుష్యుడు నమ్మి యెక్కగలడు. రేపు మన పిల్లలలో ఎవరైనను అట్టి నౌక నెక్కుదమని తలచినచో, వారు మొదట అడుగవలసినది అది ఎంత ఎత్తునకు పోవునని కాదు. ఇంతకు ముందు అది ఎన్నిమార్లు పరీక్షింపబడినది, ఆ పరీక్షలలో బయటపడిన లోపములను ఎట్లు సవరించిరి అని.